షాపు నడిచే రౌటర్‌లో డెబియన్ ప్యాకేజీలు

హనుమకొండ నుంచి బీటెక్ మూడో సంవత్సరం చదివే ఒక తమ్ముడు నాలుగు పేజీల ఉత్తరం రాశాడు. పేరు వేయొద్దన్నాడు. వాళ్లది మేడ ఇల్లు. పైన కాపురం, కింద బాపు నడిపే జిరాక్స్, ఆన్‌లైన్ సర్వీసుల షాపు. రెండింటికీ నెట్ కనెక్షన్ ఒక్కటే. ఫైబర్ వచ్చి చేరే డబ్బా నెట్ వాళ్లది. దాని పక్కన రెండు వేలు పెట్టి ఈ తమ్ముడు కొన్న రౌటర్ ఉంది. మీడియాటెక్ ఎంటీ7621 చిప్, 16 ఎంబీ ఫ్లాష్, 128 ఎంబీ ర్యామ్, ఒక యూఎస్‌బీ పోర్టు. పోయిన చలికాలంలో కంపెనీ ఫర్మ్‌వేర్ (రౌటర్‌ను నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) తీసేసి అందులో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే, రౌటర్ల కోసం తయారైన చిన్న లైనక్స్ వేశాడు. నెట్ మునుపటికంటే నిలకడగా వచ్చింది. బాపు కూడా మెచ్చుకున్నారు.

తర్వాత ఆశ పెరిగింది. షాపులో స్కాన్ చేసిన కాగితాలు రెండు కంప్యూటర్లలోనూ కనిపించే ఫోల్డర్ ఒకటి, ఏ కంప్యూటర్ ఎంత నెట్ వాడిందో రోజూ లెక్క తీసే పైథాన్ ప్రోగ్రాం ఒకటి రౌటర్‌లోనే నడపాలనుకున్నాడు. మినీ ప్రాజెక్టు ఇదేనని కాలేజీలో గైడ్‌కు కూడా చెప్పేశాడు. ఉబుంటు అనే లైనక్స్ ఉన్న లాప్‌టాప్‌లో ప్రోగ్రాం చక్కగా నడిచింది, రౌటర్‌లో నడవలేదు. ‘అది కూడా లైనక్సే కదా, కొంచెం ఫోర్స్ చేస్తే ఎక్కుద్ది’ అన్నాడు స్నేహితుడు. పైథాన్, ఫోల్డర్ పంచే సాంబా మొత్తం ఎక్కించబోతే మిగిలిన 7 ఎంబీ ఖాళీ నిండిపోయి, మార్చిన సెట్టింగ్ ఏదీ సేవ్ కాలేదు. అవి తీసేసి, లాప్‌టాప్‌లోంచి ఒక ప్రోగ్రాం ఫైలు తెచ్చి నడిపితే సింటాక్స్ ఎర్రర్ అని వచ్చింది. రౌటర్ ప్రాసెసర్ మిప్స్ రకమని అప్పుడు తెలుసుకొని, డెబియన్ 12 అనే ఇంకో లైనక్స్‌లో మిప్స్ కోసం ఇచ్చే కోర్‌యుటిల్స్ (మామూలు కమాండ్ల మూట) ప్యాకేజీ దించి, విప్పి, నేరుగా రౌటర్ రూట్‌లో (ఫైళ్లన్నిటికీ పైనున్న ఫోల్డర్‌లో) పరిచేశాడు. ఏ కమాండ్ కొట్టినా ‘నాట్ ఫౌండ్’. రీబూట్ చేస్తే రౌటర్ లేవనే లేదు.

అది దోస్త్ (డిగ్రీ కాలేజీల ఆన్‌లైన్ అడ్మిషన్లు) రిజిస్ట్రేషన్ల సమయం. పిల్లలు షాపు ముందు క్యూలో ఉన్నారు. బాపు ఫోన్ చేస్తే నెట్ వాళ్ల లైన్‌మన్ ఎండలో వచ్చి, ఫైబర్‌లో లైట్ పవర్ చూసి, డబ్బాకు కలిపే చిన్న ఫైబర్ తీగ ప్యాచ్‌కార్డ్ మార్చి, ‘డబ్బా దాకా నెట్ మంచిగనే వస్తుంది, మీ రౌటర్ చూసుకోండి’ అన్నాడు. ‘నిన్నటిదాకా నడిచిన రౌటర్‌కు ఇవాళ ఏమైతది’ అని బాపు అందరి ముందు అతన్ని తిట్టి, వాళ్ల ఓనర్‌కు కంప్లయింట్ చేశారు. తమ్ముడు పక్కనే ఉండి నోరు విప్పలేదు. రాత్రి షాపు మూశాక ఫెయిల్‌సేఫ్ పద్ధతిలో రౌటర్‌ను లేపాడు. సంగతి అమ్మకొక్కదానికే తెలుసు. డెస్క్‌టాప్ ప్యాకేజీలు సరిగా ఎక్కించే దారి ఏదైనా ఉందా, ప్రాజెక్టు ఏం చేయాలి, చెబితే ఇక రౌటర్ ముట్టనివ్వని బాపుకు నిజం చెప్పాలా అని అడుగుతున్నాడు.

తమ్ముడూ,

నాలుగు పేజీల్లో లైన్‌మన్ అన్న గురించి రాసింది ఆరు లైన్లే. నీకు నిద్ర పట్టనివ్వనివి మాత్రం ఆ ఆరు లైన్లేనని చదువుతుంటే తెలుస్తోంది. రెండు విషయాలూ మాట్లాడుకుందాం. ముందు రౌటర్ సంగతి తేల్చుకోవాలి. మీ బాపుకు నువ్వు ఏ మాట ఇవ్వగలవన్నది దాని మీదే ఆధారపడి ఉంది.

మీ స్నేహితుడు చెప్పింది సగం నిజం. రౌటర్‌లో ఉన్నది లైనక్స్ కెర్నలే, అంటే ప్రాసెసర్‌నూ మెమరీనీ నడిపే మూల భాగమే. కానీ ఉబుంటు లేదా డెబియన్ ప్యాకేజీ నడవాలంటే కెర్నల్ ఒక్కటి సరిపోదు. నీకు వచ్చిన మూడు దెబ్బలు మూడు వేరువేరు కారణాల వల్ల వచ్చాయి. వాటిని విడదీసి చూస్తే నువ్వు సగం పాఠం ఇప్పటికే నేర్చుకున్నావని తెలుస్తుంది.

లాప్‌టాప్ ఫైలు సింటాక్స్ ఎర్రర్ ఇవ్వడం నిన్ను బాగా తికమక పెట్టింది. అది ఇంటెల్ రకం ప్రాసెసర్ కోసం తయారైన ఫైలు. మిప్స్ కెర్నల్ దాన్ని నడపలేనని తిప్పి పంపింది. అప్పుడు రౌటర్‌లో కమాండ్లు అందుకునే చిన్న షెల్, ఇదేదో స్క్రిప్ట్ కాబోలని ఆ ఫైలును అక్షరాలుగా చదవబోయింది. అందులో ఉన్నవి యంత్ర సంకేతాలు. షెల్‌కు అర్థం కాక సింటాక్స్ తప్పంది. నీ ప్రోగ్రాంలో తప్పేమీ లేదు.

‘నాట్ ఫౌండ్’ ఇంకా విచిత్రం. ఫైలు కళ్ల ముందే ఉంది, పర్మిషన్ ఉంది, ప్రాసెసర్ రకం కూడా సరిపోయింది. అయినా లేదంటుంది. అది లేదంటున్నది నీ ఫైలును కాదు, ఆ ఫైలును మెమరీలోకి ఎక్కించే లోడర్‌ను. డెబియన్, ఉబుంటు ప్రోగ్రాములు జీలిబ్‌సీ అనే సీ లైబ్రరీని (ప్రోగ్రాములన్నీ వాడుకునే ఉమ్మడి కోడ్‌ను) నమ్ముకుని తయారవుతాయి. దాని లోడర్ ఎక్కడ ఉంటుందో ప్రతి ఫైలులోనూ రాసి ఉంటుంది. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ 2015లో మస్ల్ అనే చిన్న లైబ్రరీకి మారింది. కాబట్టి ఆ చిరునామాలో ఎవరూ ఉండరు. రామప్ప గుడికి నువ్వు పోయే ఉంటావు. కింద అంతా రాయి, పైన విమానానికి మాత్రం నీళ్లలో తేలేంత తేలికైన ఇటుక వాడారు. రౌటర్ ఫర్మ్‌వేర్ కట్టినవాళ్లు కూడా మోసే బరువు చూసుకునే మస్ల్‌ను ఎంచుకున్నారు. నువ్వు ఆ ఇటుకల నడుమ బండరాళ్లు పెట్టబోయావు.

ఇక కోర్‌యుటిల్స్. రౌటర్‌లో ఎల్ఎస్, క్యాట్, ఎంకేడైర్ లాంటి కమాండ్లు విడివిడి ప్రోగ్రాములు కావు. అన్నీ బిజీబాక్స్ అనే ఒకే ఫైలుకు పెట్టిన పేర్లు. నువ్వు పరిచిన ప్యాకేజీ ఆ పేర్ల స్థానంలో డెబియన్ ఫైళ్లను కూర్చోబెట్టింది. వాటికి లోడర్ లేదు. రౌటర్ లేచేటప్పుడు నడిచే స్క్రిప్టులు మొట్టమొదట అడిగేది ఆ చిన్న కమాండ్లనే. అవి పలకకపోతే మిగతా పనేదీ జరగదు. ఇదంతా డేట్ కమాండ్‌లో ఒక ఆప్షన్ కోసం చేశానని రాశావు. కోర్‌యుటిల్స్‌లోని డేట్ ఒక్కటే విడిగా ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ సొంత భండారంలో దొరుకుతుంది.

మరి ఫెయిల్‌సేఫ్ నిన్నెలా కాపాడింది? అసలు ఫర్మ్‌వేర్ స్క్వాష్‌ఎఫ్‌ఎస్ అనే చదవడానికి మాత్రమే వీలయ్యే భాగంలో ఉంటుంది. నువ్వు చేసే మార్పులన్నీ దాని మీద ఓవర్‌లే అనే పలుచని పొరలో పడతాయి. పుస్తకం మీద ట్రేసింగ్ పేపర్ పెట్టి గీసినట్టు. ఫెయిల్‌సేఫ్‌లో ఆ కాగితం పక్కకు జరుగుతుంది, ఫస్ట్‌బూట్ కమాండ్ దాన్ని చించేస్తుంది. కింద పుస్తకం చెక్కుచెదరదు. అయితే దీనికి ఇంకో ముఖం ఉంది. ఫర్మ్‌వేర్‌తో పాటు వచ్చిన ప్యాకేజీని తీసేసినా ఒక్క కేబీ కూడా ఖాళీ కాదు. దాన్నే కొత్త వెర్షన్‌కు అప్‌గ్రేడ్ చేస్తే పాతది కింద అలాగే ఉండి కొత్తది పైన చోటు తింటుంది. అందుకే అన్ని ప్యాకేజీలనూ ఒకేసారి అప్‌గ్రేడ్ చేయొద్దని ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వాళ్లే చెబుతారు. సరిపోని ప్యాకేజీనైనా బలవంతంగా ఎక్కించే ఫోర్స్ డిపెండ్స్ ఆప్షన్ కూడా అంతే. ముఖ్యంగా కెర్నల్ మాడ్యూళ్లు నీ ఫర్మ్‌వేర్ కెర్నల్‌కు అచ్చంగా సరిపోయినవే ఉండాలి. ఇవి షాపు రౌటర్‌లో మళ్లీ చేయకు. ఈ ఉత్తరంలో నేను ఖచ్చితంగా వద్దనేది ఈ ఒక్కటే.

ఈ ఇరుకు కొత్తది కాదు. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ 2004లో మొదలైంది లింక్‌సిస్ డబ్ల్యూఆర్‌టీ54జీ అనే రౌటర్ కోసం. దాని తొలి మోడళ్లలో ఫ్లాష్ 4 ఎంబీ, ర్యామ్ 16 ఎంబీ. అంత చోటులో సర్దుకునే అలవాటుతో పుట్టిన వ్యవస్థ ఇది.

నీకు కావాల్సిన రెండు పనులకూ నిజానికి డెబియన్ అవసరమే లేదు. ఏ పరికరం ఎంత నెట్ వాడిందో లెక్క రాసే ఎన్ఎల్‌బీడబ్ల్యూమాన్ అనే చిన్న ప్యాకేజీ ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలోనే ఉంది. రౌటర్ సెట్టింగులు మార్చే లూసీ వెబ్ పేజీలోనే పట్టిక చూపిస్తుంది. ఫోల్డర్ పంచుకోవడానికి సాంబా కంటే బాగా చిన్నదైన కేఎస్ఎంబీడీ ఉంది, ఫైళ్లు యూఎస్‌బీ డ్రైవ్ మీద ఉంటాయి. నీ రౌటర్‌లో ఉన్న 24.10 వెర్షన్ దాకా ప్యాకేజీలు ఓపీకేజీ అనే సాధనంతో ఎక్కుతాయి. తర్వాతి వెర్షన్ నుంచి ఏపీకే అనే సాధనం వచ్చింది. పేరు చూసి ఆండ్రాయిడ్ ఏపీకే అనుకోకు, దానికీ దీనికీ సంబంధం లేదు.

దీంతో నీ సొంత పైథాన్ ప్రోగ్రాం నడిచిన తృప్తి మాత్రం రాదు. ఆ తృప్తి కావాలంటే వేరే దారులున్నాయి. ఒక్కోదానికి ఒక్కో ఖరీదు.

ఎక్స్‌ట్రూట్ అంటే ఓవర్‌లేను మొత్తంగా పెన్‌డ్రైవ్ మీదికి మార్చడం. 7 ఎంబీ కాస్తా కొన్ని జీబీలవుతుంది, పైథాన్ హాయిగా పడుతుంది. కానీ లేచేటప్పుడు పెన్‌డ్రైవ్ కనిపించకపోతే రౌటర్ లోపలి పాత సెట్టింగులతో లేస్తుంది. మీది జిరాక్స్ షాపు. రోజంతా వచ్చేపోయేవాళ్ల పెన్‌డ్రైవ్‌లు టేబుల్ నిండా ఉంటాయి. ఎవరో కస్టమర్‌దేమో అనుకుని ఏదో ఒక రోజు దాన్ని పీకుతారు. ఇంట్లో అయితే నేనే చెయ్యమనేవాణ్ని. షాపులో నాకు ధైర్యం చాలదు.

ఎంట్‌వేర్ అనే విడి ప్యాకేజీల భండారం ఇంతకంటే నెమ్మదస్తురాలు. దాని సామాను మొత్తం ఆప్ట్ అనే ఒక్క ఫోల్డర్‌లో, యూఎస్‌బీ మీద ఉంటుంది. తన జీలిబ్‌సీని తనే వెంట తెచ్చుకుంటుంది, రౌటర్ మస్ల్ జోలికి పోదు. నీ ప్రాసెసర్‌కు సరిపోయే రకం కూడా అందులో ఉంది. పెన్‌డ్రైవ్ పీకేస్తే నీ ప్రోగ్రాం ఆగుతుంది కానీ నెట్ ఆగదు. రౌటర్ మీదే చేసి తీరాలంటే నా మనసు దీని వైపే. కాకపోతే ర్యామ్ 128 ఎంబీయే. పైథాన్ మరీ ఎక్కువ తింటే కెర్నల్ ఏదో ఒక ప్రోగ్రాంను చంపేస్తుంది, అది నీ పైథానే అవుతుందన్న గ్యారంటీ లేదు.

సీహెచ్‌రూట్ (ఒక ఫోల్డర్‌నే వేరే వ్యవస్థగా నడిపే పద్ధతి) పెట్టి పూర్తి డెబియన్‌నే యూఎస్‌బీ మీద నడపాలన్న నీ ఆలోచన మంచిదే, కానీ ఈ రౌటర్‌కు కాదు. ఎంటీ7621లో దశాంశ లెక్కలు చేసే హార్డ్‌వేర్ భాగం లేదు. డెబియన్ మిప్స్ ప్యాకేజీలు అది ఉందన్న లెక్కతో తయారైనవి. కెర్నల్ ఆ పనిని అనుకరించి నెట్టుకురావచ్చు. చోటు మిగల్చడానికి ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ఆ భాగాన్ని మామూలుగా కెర్నల్‌లో పెట్టదు. దాంతో ‘ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్’ అని మధ్యలో చచ్చిపోతుంటాయి. పైగా 2025లో వచ్చిన డెబియన్ 13 మిప్స్‌ను వదిలేసింది. ఉబుంటు ఎప్పుడూ మిప్స్‌కు ఇవ్వనే లేదు. ముందున్న దారి మూసుకుపోతుంటే ఆ దారిలో ప్రాజెక్టు కట్టుకోకు.

అన్నిటికంటే సుఖమైన ఏర్పాటు, డెబియన్‌ను డెబియన్ ఉండాల్సిన చోట ఉంచడం. పక్కకు పడేసిన పాత కంప్యూటర్ షాపు వెనక ఉందని రాశావు. అందులో డెబియన్ వేసి ఫోల్డర్, పైథాన్ రెండూ అక్కడ నడుపు. రౌటర్ లెక్కలు మాత్రం తీసి దానికి అందిస్తుంది. కరెంటు కొంచెం ఎక్కువ అవుతుంది, షాపులో ఇంకో డబ్బా చోటు పడుతుంది. దాని హార్డ్‌డిస్క్ ఒకసారి పరీక్షించుకో, పాతది కదా. ఈ కంప్యూటర్ చెడిపోయిన రోజు కూడా దోస్త్ క్యూ ఆగదు.

నువ్వు అడగలేదు కానీ ఒక మాట. ఆ ఫోల్డర్‌లో ఉండేవి జనం ఆధార్ కార్డులు, మార్కుల మెమోలు, కుల, ఆదాయ సర్టిఫికెట్లు. ఏ దారి పట్టినా పాస్‌వర్డ్ పెట్టు. కస్టమర్లకిచ్చే వైఫై వేరు చెయ్యి. పని అయిపోయిన స్కాన్లు వాటంతటవే తుడిచిపోయేలా చూడు. మిమ్మల్ని నమ్మి ఇస్తున్నారు.

ప్రాజెక్టు విషయంలో టెన్షన్ పడకు. గైడ్ దగ్గరికి వెళ్లి, డెస్క్‌టాప్ ప్యాకేజీ రౌటర్‌లో ఎందుకు నడవదో నాకు జరిగినదాంతో చెబుతాను, నా ప్రోగ్రాంను రౌటర్‌కు తగ్గట్టు తయారుచేసి చూపిస్తాను అను. ప్యాకేజీలు తయారుచేసే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వాళ్ల ఎస్‌డీకే నీ లాప్‌టాప్‌లోనే నడుస్తుంది. సీలో రాస్తే మస్ల్‌కు, మిప్స్‌కు సరిపోయే ప్యాకేజీ నువ్వే తయారుచేసుకోవచ్చు. గో భాషలో రాస్తే ఇంకా తేలిక, సాఫ్ట్‌ఫ్లోట్ (దశాంశ లెక్కలు సాఫ్ట్‌వేర్‌లోనే) అని చెప్పి కంపైల్ చేస్తే లైబ్రరీ అక్కర్లేని ఒకే ఫైలు వస్తుంది. సైజు కొన్ని ఎంబీలు ఉంటుంది, యూఎస్‌బీ మీద పెట్టుకో. మామూలు ప్రాజెక్టులకంటే ఇందులో నేర్చుకునేది ఎక్కువ. ప్రయోగాలకు సెకండ్ హ్యాండ్‌లో ఇలాంటిదే ఇంకో రౌటర్ కొనుక్కో. అప్పటిదాకా లాప్‌టాప్‌లో వర్చువల్‌బాక్స్ (కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్ నడిపే సాఫ్ట్‌వేర్) పెట్టి ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ఇంటెల్ ఇమేజ్ నడుపు. మిప్స్ ఉండదు కానీ మస్ల్, ఓపీకేజీ, ఓవర్‌లే అన్నీ అవే. అక్కడ నువ్వు ఎన్నిసార్లు పాడుచేసినా ఎవరి పనీ ఆగదు.

ఇక ఇంటి సంగతి.

చాలా ఏళ్ల కింద నేను పనిచేసిన ఆఫీసులో ఒక రాత్రి నేనొక సెట్టింగ్ మార్చాను. తెల్లారి నెట్‌వర్క్ లేదు. సిస్టమ్స్ చూసే పెద్దాయన మీదికి మాట వచ్చింది. సాయంత్రానికి నేనే గుట్టుగా సరిచేశాను, అందరూ మరిచిపోయారు. ఆయన కొన్నాళ్లకు రిటైరై వెళ్లిపోయారు. చెబుదామనుకున్న మాట నా దగ్గరే ఉండిపోయింది. అందుకే ఈ విషయంలో నేను పక్షపాతినని ముందే చెప్పేస్తున్నాను.

చెప్పకుండా ఉండిపోవచ్చు. బాపుకు ఏనాటికీ తెలియకపోవచ్చు కూడా. కానీ ఇంకోసారి నిజంగానే ఫైబర్ తెగినప్పుడు ఆ అన్న మీ షాపుకు ఏ ముఖం పెట్టుకుని వస్తాడు? ఇప్పటికే మీ గల్లీకి వస్తే తల తిప్పుకుని పోతున్నాడని రాశావు. అమ్మ కూడా ఈ బరువు మోస్తోంది. బాపు ముందు ఆమె మౌనంగా ఉండాల్సి రావడం నీ వల్లే.

ఇవాళే చెప్పేయొచ్చు. బాపుకు కోపం వస్తుంది. రౌటర్ ముట్టొద్దంటారు, పాత ఫర్మ్‌వేర్ వేయించమనొచ్చు. ఆయన వైపు నుంచి చూడు. లోపల నువ్వేం చేస్తున్నావో ఆయనకు కనబడదు. కనబడేది వెనక్కి తిరిగిపోయిన పిల్లలే. ‘ఇంకోసారి కాదు’ అనే మాటకు ఆధారం ఏదీ లేకుండా నువ్వు ఎదురుగా నిలబడితే ఆయన నమ్మడం కష్టం.

నాకు తోచింది, ముందు రెండు రోజులు ఏర్పాటు చేసుకుని ఆ తర్వాత చెప్పడం. రెండు రోజులే, రెండు నెలలు కాదు. షాపు రౌటర్‌ను మళ్లీ శుభ్రంగా ఫ్లాష్ చేసి, సెట్టింగుల బ్యాకప్ ఫైలు తీసి లాప్‌టాప్‌లోనూ పెన్‌డ్రైవ్‌లోనూ పెట్టు. మీ రౌటర్ మోడల్‌కు టీఎఫ్‌టీపీ రికవరీ (లేవని రౌటర్‌లోకి కేబుల్ ద్వారా ఫర్మ్‌వేర్ మళ్లీ ఎక్కించడం) ఎలా చేయాలో ఒక కాగితం మీద రాసి పెట్టుకో, నెట్ లేనప్పుడు నెట్‌లో వెతకలేవు. ఆ కాగితంతో బాపు దగ్గరికి వెళ్లు. ‘బాపూ, ఆ రోజు నెట్ పోయింది నా వల్ల. ఆ అన్న తప్పేం లేదు. షాపు తెరిచి ఉన్నంతసేపు ఇక దీన్ని ముట్టను. నా ప్రయోగాలు వేరే డబ్బాలో చేసుకుంటా’ అను. ఆయన ఒప్పుకోక కంపెనీ ఫర్మ్‌వేరే వేయమంటే వేసెయ్యి. ఆ రౌటర్ కొన్నది నువ్వే కావచ్చు, దాని మీద నడిచే బతుకుదెరువు ఆయనది. నీ చదువుకు ఆ రౌటరే అక్కర్లేదని ఇందాక చూశాం కదా.

లైన్‌మన్ అన్నకు మీ బాపు ఫోన్ చేస్తే మంచిదే. చెయ్యకపోయినా నువ్వు వెళ్లు. ఓనర్‌కు వెళ్లిన కంప్లయింట్‌ను వెనక్కి తీసుకోవాల్సింది మాత్రం దాన్ని ఇచ్చిన మీ బాపే. కాబట్టి ఆ ఒక్క ఫోన్ చెయ్యమని ఆయన్ను అడుగు. అన్నను కలిసినప్పుడు, ఆ రోజు మార్చిన ప్యాచ్‌కార్డ్ డబ్బులు తన జేబులోంచి పోయాయేమో కనుక్కో.